పోటీ డిస్ట్రో వాళ్ళ ప్యాచ్ మనం వాడుకోవచ్చా? అసలు అందరూ కలిసి ఒకే ప్యాకేజ్ ఎందుకు చేయరు?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. మీరు ఒక చిన్న ఓపెన్ సోర్స్ టూల్‌ని డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో (లినక్స్‌ని, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ని కలిపి ఇచ్చే ప్రాజెక్ట్) కోసం ప్యాకేజ్ చేస్తున్నారు, అంటే అక్కడ ఇన్‌స్టాల్ అయ్యేలా సిద్ధం చేస్తున్నారు. బిల్డ్‌లో, అంటే సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు, ఒక టెస్ట్ ఫెయిల్ అవుతోంది, వెతికితే ఫెడోరా అనే ఇంకో డిస్ట్రో వాళ్ళ దగ్గర దానికి ప్యాచ్, అంటే కోడ్‌లో చిన్న సవరణ, ఎప్పుడో ఉంది. అది తీసుకోవచ్చా, తీసుకుంటే వాళ్ళేమైనా అనుకుంటారా, మెసేజ్ పెడితే అసలు పలుకుతారా అన్నది మొదటి డౌట్. ఒకే సాఫ్ట్‌వేర్‌ని ఇంతమంది ఎవరికి వాళ్ళు ప్యాకేజ్ చేసుకునే బదులు అందరూ కూర్చుని ఒక్కటే చేస్తే పోదా అన్నది రెండోది.

మొదటిదానికి సమాధానం, తీసుకోండి. నిశ్చింతగా తీసుకోండి, తీసుకున్నామని వాళ్ళకి ఒక ముక్క చెప్పండి, ఆ ప్యాచ్ అప్‌స్ట్రీమ్‌కి, అంటే ఆ సాఫ్ట్‌వేర్ రాసే అసలు వాళ్ళకి, వెళ్ళిందో లేదో చూసి వెళ్ళకపోతే ఇద్దరూ కలిసి పంపండి. రెండోదానికి నా సమాధానం, ఒకే ప్యాకేజ్ అనేది అయ్యే పని కాదు, అవ్వక్కర్లేదు కూడా, కానీ ఆ ప్యాకేజ్ కింద జరిగే పనిలో చాలా భాగం ఉమ్మడిగా చేసుకోవచ్చు, చేసుకుంటున్నారు కూడా. కుంపట్లు వేరైనా పర్లేదు, బావి ఒకటే ఉంటే చాలు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తా.

నేను 2012 నుంచి ఈ పనిలో ఉన్నా. మొదటి ఆరేళ్ళు డెబ్ (డెబియన్ వాళ్ళ ప్యాకేజ్ ఫార్మాట్) వైపు, తర్వాత ఆఫీస్ పని వల్ల ఆర్‌పీఎం (ఫెడోరా లాంటి వాళ్ళ ఫార్మాట్) వైపు వచ్చా, ఇప్పుడు రెండు వైపులా కలిపి ఓ ఇరవై ప్యాకేజ్‌లు చూసుకుంటున్నా. యూజర్లు ఏ డిస్ట్రో గొప్పదని గంటలు గంటలు వాదించుకోవడం చూసి మెయింటెయినర్లు, అంటే ప్యాకేజ్‌లు చూసుకునేవాళ్ళు, కూడా అలాగే ఉంటారని కొత్తవాళ్ళు భయపడతారు, నేనూ మొదట్లో అలాగే భయపడ్డా. అలా ఉండదండి. రాత్రి పదకొండింటికి ఒకే బిల్డ్ లాగ్‌లో ఒకే ఎర్రర్ చూసి తలపట్టుకుని కూర్చున్న ఇద్దరు మనుషులు వాళ్ళు, వాళ్ళ మధ్య పోటీకి ఏముంటుంది.

నాకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది ఒక క్యాలెండర్ లైబ్రరీ దగ్గర. చిన్న లైబ్రరీ, నేను తీసుకున్న కొత్తలో ఇంట్లో నా లాప్‌టాప్ మీద బిల్డ్ చేస్తే ఒక టెస్ట్ ఫెయిల్, బిల్డ్ సర్వర్ మీద వేస్తే పాస్. మూడు రాత్రులు కూర్చున్నా. కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే టూల్) మార్చా, ఆప్టిమైజేషన్ ఫ్లాగ్స్ తీసేశా, ఏం లాభం లేదు. చివరికి ఏమీ తోచక అవతలి డిస్ట్రో వాళ్ళ ప్యాచెస్ ఫోల్డర్ తెరిచి చూస్తే పద్దెనిమిది లైన్ల ఫైల్ ఒకటి ఉంది. విషయం ఏంటంటే ఆ కోడ్ టైమ్‌జోన్ తేడాని సెకన్లలో తీసుకుని 3600తో భాగించి పూర్తి గంటలు మాత్రమే ఉంచుకుంటోంది. బిల్డ్ సర్వర్లు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో, ఉంటాయి, అక్కడ తేడా సున్నా, గొడవే లేదు. మన టైమ్ యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, ఆ అరగంట కాస్తా ఎగిరిపోతోంది. రాత్రి 12:10కి ఉన్న ఈవెంట్ ముందు రోజు రాత్రి 11:40కి వెళ్ళి పడుతోంది, అంటే తేదీయే మారిపోతోంది. ఆ ప్యాచ్ రాసినాయన ఉండేది అడిలైడ్‌లో, అక్కడ తొమ్మిదిన్నర గంటల తేడా, కాబట్టి ఆయనకీ అదే అరగంట సమస్య వచ్చింది. ఆ ఫైల్ పైన హెడర్‌లో "ఫార్వర్డెడ్: నో" అని ఉంది. అంటే రెండేళ్ళుగా ఆ పరిష్కారం అక్కడే కూర్చుంది, అప్‌స్ట్రీమ్‌కి వెళ్ళలేదు, ఎవరికీ తెలీదు. నేను ఆయనకి రాశా, మర్నాడే జవాబొచ్చింది, ఇది నా మెషీన్ ఒక్కదానికే వస్తున్న తిక్క అనుకున్నాను, ఇంకెవరికైనా వస్తుందనుకోలేదు అన్నారు. ఇద్దరం పేర్లు పెట్టి కలిసి పంపాం, వారంలో అప్‌స్ట్రీమ్‌లో కలిసిపోయింది, ఇద్దరి ప్యాచ్ ఫోల్డర్‌ల నుంచీ ఆ ఫైల్ పోయింది. నా మూడు రాత్రులు పోయినందుకు కాదు, ఆ అరగంట బగ్‌తో మన దేశంలో ఎంతమంది తేదీలు తప్పు చూసి ఉంటారో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక అందరికీ ఒకే ప్యాకేజ్ సంగతి. ఆ ప్రయత్నం జరక్కపోలేదు. లినక్స్ స్టాండర్డ్ బేస్ అని ఒకటి వచ్చింది, 2001లో దాని 1.0 వెర్షన్. ఏ డిస్ట్రో అయినా ఈ లైబ్రరీలు ఈ వెర్షన్‌లలో ఉండాలి, ప్యాకేజ్ ఫార్మాట్ ఆర్‌పీఎం అవ్వాలి అని. డెబియన్ వాళ్ళది డెబ్ కదా, వాళ్ళు ఏలియన్ అనే టూల్‌తో ఆర్‌పీఎంని డెబ్‌గా మార్చుకుని ఎలాగోలా సర్దుకున్నారు. ఏళ్ళు గడిచాయి గానీ ఆ స్టాండర్డ్‌కి తగ్గట్టు ప్యాకేజ్‌లు చేసిన వాళ్ళు చాలా తక్కువ, మెయింటెయిన్ చేసే భారం మాత్రం డిస్ట్రోల మీద. 2015లో డెబియన్ దాన్ని దాదాపు పూర్తిగా వదిలేసింది. నా ఉద్దేశంలో అది తేలిపోవడానికి కారణం ఎవరి అహంకారమో కాదు, పైనుంచి కిందికి కట్టడానికి ప్రయత్నించడం. అందరికీ బాగా తేడాలున్న చోట, అంటే ప్యాకేజ్ ఫార్మాట్, వెర్షన్‌ల దగ్గర, ఒప్పందం పెట్టబోయారు.

అదే కుటుంబంలో ఇంకోటి చూడండి, ఏ ఫైల్ ఎక్కడుండాలి అన్న స్టాండర్డ్. 1994లో మొదలైంది, తర్వాత ఎఫ్‌హెచ్‌ఎస్ అని పేరు మారింది. కాన్ఫిగ్, అంటే సెట్టింగ్‌లు, అంతా ఈటీసీ (/etc) ఫోల్డర్‌లో, ప్రోగ్రామ్‌లు యూఎస్ఆర్ బిన్ (/usr/bin) లో, మారుతూ ఉండే డేటా వార్ (/var) లో. అది చాలా చోట్ల నిలిచింది, మీరు ఏ మెషీన్ ముందు కూర్చున్నా కాన్ఫిగ్ కోసం ఈటీసీలోకే వెళ్తారు కదా. అక్కడ ఎవరూ ఏమీ వదులుకోనక్కర్లేదు, పాటిస్తే అందరికీ పని తగ్గుతుంది.

ప్యాకేజ్‌లు ఎందుకు కలవవంటే, ప్యాకేజ్ అంటే ఫైళ్ళ మూట కాదండి, అది ఒక మాట ఇవ్వడం. డెబియన్ స్టేబుల్ వాడే ఆయనకి ఇచ్చిన మాట, దాదాపు రెండేళ్ళకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, మధ్యలో నీ సర్వర్ ప్రవర్తన మారదు, సెక్యూరిటీ ఫిక్స్ పాత వెర్షన్‌కే తెచ్చి అతికిస్తాం అని. ఫెడోరా వాడే ఆవిడకి ఇచ్చిన మాట వేరు, ఆర్నెల్లకోసారి కొత్త కంపైలర్, కొత్త డెస్క్‌టాప్. ఆర్చ్ అనే డిస్ట్రో వాళ్ళయితే అప్‌స్ట్రీమ్ రిలీజ్ చేసిన కొద్ది రోజుల్లో ఇచ్చేస్తారు. ఒకే బగ్‌కి ఒకరు వెర్షన్ పెంచుతారు, ఒకరు మూడేళ్ళ పాత కోడ్‌కి ప్యాచ్ వెనక్కి తీసుకెళ్తారు. ఈ మాటలన్నీ ఒకే ప్యాకేజ్‌తో నిలబెట్టుకోవడం కుదరదు. పేర్లు కూడా చూడండి, మన పోతన2000, వేమన2000 ఫాంట్‌లు ఫెడోరాలో ఆ పేర్లతోనే విడివిడి ప్యాకేజ్‌లు, డెబియన్‌లో మాత్రం రెండూ కలిసి ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ఒక్క ప్యాకేజ్‌లో ఉంటాయి. లోపల అక్షరాలు అవే, ఒత్తులు అవే. ఈ పేర్లు కలపాలని ప్రయత్నిస్తే ఎన్ని స్క్రిప్ట్‌లు, ఎన్ని డిపెండెన్సీలు విరుగుతాయో, దానికన్నా ఈ పేరుకి అక్కడ ఆ పేరు అని చూపించే రిపాలజీ అనే వెబ్‌సైట్ లాంటిది ఉంటే సరిపోతుంది, ఉంది కూడా.

మరి కలిసి చేసే పని ఎక్కడుంది? నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఈ మధ్యదే. సీ లాంగ్వేజ్‌లో డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలవడం 1999 స్టాండర్డ్‌లోనే తీసేశారు, కానీ కంపైలర్లు పాత కోడ్ విరిగిపోతుందని పాతికేళ్ళ పాటు వార్నింగ్‌తో సరిపెట్టాయి. క్లాంగ్, జీసీసీ అనే రెండు కంపైలర్లలో, క్లాంగ్ 16 వచ్చాక 2023లో, జీసీసీ 14 వచ్చాక 2024లో అది ఎర్రర్ అయింది. మామూలు ఎర్రర్ అయితే బిల్డ్ ఆగిపోతుంది, చూసి సరిచేస్తాం. ప్రమాదం కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లలో, అంటే బిల్డ్‌కి ముందు మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూసే స్క్రిప్ట్‌లలో, ఉంది. ఆ స్క్రిప్ట్ ఏం చేస్తుందంటే ఒక బుల్లి ప్రోగ్రామ్ రాసి కంపైల్ చేసి చూస్తుంది, కంపైల్ అయితే ఈ ఫీచర్ ఉంది, అవ్వకపోతే లేదు. ఆ బుల్లి ప్రోగ్రామ్‌లో ఎవరో ఇరవై ఏళ్ళ కిందట హెడర్ (ఫంక్షన్‌లని డిక్లేర్ చేసే ఫైల్) పెట్టకుండా ఎగ్జిట్ అనే ఫంక్షన్‌ని పిలిచి ఉంటారు. కొత్త కంపైలర్ దానికి ఎర్రర్ ఇస్తుంది, స్క్రిప్ట్ ఓహో ఈ ఫీచర్ లేదన్నమాట అనుకుని ముందుకెళ్ళిపోతుంది. బిల్డ్ పాస్, టెస్ట్‌లు పాస్, ప్యాకేజ్ రిపోలోకి వెళ్ళిపోతుంది, కానీ ఒక ఫీచర్ చప్పుడు లేకుండా మాయం. ఎన్ని వేల ప్యాకేజ్‌లలో ఇలా ఉందో ఒక్కో లాగ్ చూసుకుంటూ పోవాలి.

దీన్ని ఫెడోరా వాళ్ళు జీసీసీ వైపు నుంచి, జెంటూ వాళ్ళు క్లాంగ్ వైపు నుంచి పట్టుకున్నారు. ఒకరు రెడీమేడ్ బైనరీలు ఇచ్చే డిస్ట్రో, ఇంకొకరు ప్రధానంగా యూజర్ తన మెషీన్ మీద తనే కంపైల్ చేసుకునే డిస్ట్రో, ఇంతకన్నా వేరు దారులు ఉండవు. అయినా ఏ ప్యాకేజ్ ఎవరు చూశారు, ప్యాచ్ ఎక్కడుంది, అప్‌స్ట్రీమ్‌కి వెళ్ళిందా అని ఒకరికొకరు చెప్పుకుంటూ చేశారు. జీసీసీ 14తో ఫెడోరా 40 వచ్చేటప్పటికి పునాది పని చాలా వరకు అయిపోయింది, ఆ తర్వాత అదే కంపైలర్‌కి మారిన మిగతా డిస్ట్రోలకి దారి సిద్ధంగా దొరికింది. నా ప్యాకేజ్‌లలో నాలుగింటికి నేను వేలు పెట్టకముందే ఫిక్స్ అప్‌స్ట్రీమ్‌లో ఉంది. ఊళ్ళో కాలువ పూడిక తీసేటప్పుడు ఎవరి పొలం ముందు వాళ్ళు తవ్వుతారు కదా, పైవాడు తవ్వకపోతే కిందివాడికి నీళ్ళు రావు, నాకు అదే గుర్తొచ్చింది.

ఇంకో ఉదాహరణ లిబ్‌సాల్వ్ అనే లైబ్రరీ. మీరు ఒక ప్యాకేజ్ ఇన్‌స్టాల్ చేయమంటే దానికి ఏది కావాలి, ఏది ఉండకూడదు, ఏ వెర్షన్ కుదురుతుంది అని లెక్క తేల్చాలి, అది నిజంగా కష్టమైన లెక్క. సూసే అనే లినక్స్ కంపెనీలో మైఖేల్ ష్రోడర్ దీనికి సాట్ సాల్వర్ (షరతులన్నీ ఒకేసారి కుదిరే జవాబు వెతికే) పద్ధతిలో కోడ్ రాశారు, 2008లో ఓపెన్‌సూసే 11.0లో వచ్చింది. తర్వాత ఫెడోరా వాళ్ళు ప్యాకేజ్‌లు ఇన్‌స్టాల్ చేసే పాత టూల్ యమ్ బదులు డీఎన్ఎఫ్ తెచ్చినప్పుడు, అది ఫెడోరా 22, 2015, అదే లిబ్‌సాల్వ్‌ని వాడుకున్నారు. ఎంటర్‌ప్రైజ్ మార్కెట్‌లో ఫెడోరా వెనకున్న రెడ్ హ్యాట్‌కి సూసేకి పోటీ ఎలాంటిదో అందరికీ తెలుసు. అది అక్కడితో ఆగలేదు, పైథాన్‌తో సైన్స్ పని చేసేవాళ్ళ ప్యాకేజ్ టూల్ మాంబా కూడా దాన్నే తీసుకుంది, 2023లో అలాంటిదే అయిన కాండా 23.10 నుంచి డిఫాల్ట్ సాల్వర్ లోపల ఉన్నది అదే. కాండా ఎన్విరాన్‌మెంట్ కోసం అరగంట ఎదురుచూసిన రోజులు గుర్తున్న డేటా సైన్స్ వాళ్ళకి దాని విలువ తెలుస్తుంది. ఏ డిస్ట్రోలోనైనా నడిచేలా యాప్‌లు ఇచ్చే ఫ్లాట్‌పాక్, స్నాప్ అనే రెండు పోటీ పద్ధతులు కూడా అంతే, బయట ఎంత వాదన ఉన్నా, శాండ్‌బాక్స్ (యాప్‌ని విడిగా బంధించి ఉంచే చోటు) లోపలి యాప్ బయట ఫైల్ తెరవడానికి ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్ అనే ఉమ్మడి మధ్యవర్తిని రెండూ వాడుకుంటాయి.

మీరు పైథాన్ వాడుతుంటే ఒక సహకారం ఫలితం మీ స్క్రీన్ మీద ఈపాటికే చూసుంటారు. పైథాన్ లైబ్రరీలు వేసే టూల్ పిప్ కదా, సుడో పిప్ ఇన్‌స్టాల్ అని కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్ వస్తుంది కదా. దాన్ని చూసి విసుక్కునేవాళ్ళే ఎక్కువ, దాని వెనక కథ తెలిస్తే విసుగు తగ్గుతుంది. ఏళ్ళ తరబడి పిప్ ఒక వైపు, డిస్ట్రో ప్యాకేజ్ మేనేజర్ ఒక వైపు, ఒకే పైథాన్ మీద రెండూ పెత్తనం చేశాయి. పిప్‌తో ఏదో లైబ్రరీ కొత్త వెర్షన్ వేస్తే దాని మీద ఆధారపడ్డ సిస్టమ్ టూల్ పగిలిపోయేది, మెషీన్ అప్‌డేట్ ఆగిపోయేది. తప్పు మీదంటే మీదని ఇద్దరూ అనుకున్నారు. చివరికి పైథాన్ ప్యాకేజింగ్ వాళ్ళు, డిస్ట్రో వాళ్ళు కూర్చుని పెప్ 668 అనే పైథాన్ ప్రమాణ పత్రం రాశారు. అందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు, పైథాన్ లైబ్రరీ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైల్ పెడతారు, ఇది డిస్ట్రో చేతిలో ఉంది, నువ్వు ముట్టుకోకు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (నీ లైబ్రరీలకి విడి ఫోల్డర్) చేసుకో అని. పిప్ 23.0 నుంచి ఆ ఫైల్ కనిపిస్తే ఆగుతుంది. ఉబుంటు 23.04లో, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఇది ఉంది. ఎవరి హద్దు ఎక్కడో రాసుకోవడం కూడా సహకారమే, చాలాసార్లు అన్నిటికన్నా విలువైన సహకారం అదే అంటాను.

సెక్యూరిటీ గురించి చెప్పకుండా ఈ సమాధానం ముగించలేను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కంప్రెషన్ టూల్ సంగతి వినే ఉంటారు, ఆ సెక్యూరిటీ లోపం నంబర్ సీవీఈ-2024-3094. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన డెబియన్ అన్‌స్టేబుల్ మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచి చేసే లాగిన్ అర సెకన్ ఆలస్యం అవుతోందని గమనించి తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్‌లలో బ్యాక్‌డోర్ (దొంగ దారి) బయటపడింది. అందులో నన్ను బాగా కలవరపెట్టిన ముక్క ఒకటుంది. ఆ దొంగ కోడ్ బిల్డ్ టైమ్‌లో ఏం చూసేదంటే, ఇక్కడ డెబియన్ రూల్స్ ఫైల్ ఉందా, లేదా ఆర్‌పీఎం బిల్డ్ నడుస్తోందా, రెండిట్లో ఏదున్నా పని మొదలుపెట్టు అని. అంటే మనల్ని పోటీదారులుగా కాదు, ఒకే గుమ్మానికి రెండు తలుపులుగా చూశాడు వాడు. పైగా ఎస్ఎస్‌హెచ్ సర్వర్ మామూలుగా ఎక్స్‌జెడ్ లైబ్రరీని లోడ్ చేయదు, చాలా డిస్ట్రోలు సిస్టమ్‌డీ (మెషీన్‌లో సర్వీస్‌లని నడిపే ప్రోగ్రామ్) కోసం వేసుకున్న ప్యాచ్ వల్ల ఆ లింక్ ఏర్పడింది. మార్చి 29న బయటపెట్టేలోపు డెబియన్ సెక్యూరిటీ వాళ్ళకి, తర్వాత చాలా డిస్ట్రోల సెక్యూరిటీ మనుషులు ఉండే ప్రైవేట్ చోట ఫ్రాయిండ్ చెప్పారు, అందుకే డెబియన్, ఫెడోరా, ఓపెన్‌సూసే, ఆర్చ్ అన్నీ వెంటవెంటనే కదలగలిగాయి. ఆ ప్రైవేట్ చోట నియమం ఏంటంటే ఏ సంగతినైనా గరిష్ఠంగా 14 రోజులే దాచాలి. మీ ప్యాచ్ ఎప్పుడైనా సెక్యూరిటీకి సంబంధించింది అయితే పక్క డిస్ట్రో ఫ్రెండ్‌కి మామూలుగా మెసేజ్ పెట్టకండి, మీ డిస్ట్రో సెక్యూరిటీ టీమ్ ద్వారానే వెళ్ళండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

ఆ దొంగ కోడ్‌ని మెలకువలోకి తెచ్చే ముక్క గిట్‌లో, అంటే అందరూ చూసే సోర్స్ కోడ్‌లో, లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో (రిలీజ్‌కి మూటకట్టి ఇచ్చే ఫైల్‌లో) మాత్రమే ఉంది. సోర్స్‌కి, బయటికిచ్చిన ఫైల్‌కి తేడా ఉంటే ఎలా పట్టుకోవాలి అన్న ఆలోచన అంతకు పదేళ్ళ ముందు నుంచే డెబియన్‌లో రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ పేరుతో నడుస్తోంది, 2013లో మొదలైంది. ఆ పని బైనరీల గురించి, అంటే అదే సోర్స్ నుంచి ఎవరు ఎక్కడ బిల్డ్ చేసినా బైట్ బైట్‌కీ అదే ఫైల్ రావాలి. మొదటి అడ్డంకి తేదీ, ప్రతి టూల్ తను నడిచిన టైమ్‌ని ఫైల్‌లో రాసేస్తుంది. దానికి సోర్స్ డేట్ ఎపాక్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (టూల్స్ అన్నీ చదవగలిగే సెట్టింగ్) అనుకున్నారు, అది సెట్ చేసి ఉంటే ఇప్పటి టైమ్ కాకుండా ఆ టైమ్ రాయాలి. ఇది డెబియన్ కోసమే అయ్యుంటే కంపైలర్లు, డాక్యుమెంట్ టూల్స్ రాసేవాళ్ళు పట్టించుకునేవాళ్ళా? 2015 డిసెంబర్‌లో ఏథెన్స్‌లో వేర్వేరు ప్రాజెక్ట్‌ల వాళ్ళు కలిసి కూర్చున్నారు, ఆర్చ్, ఓపెన్‌సూసే, నిక్స్ఓఎస్, గీక్స్, ఎఫ్-డ్రాయిడ్, ఫ్రీబీఎస్‌డీ ఇలా ఎందరో ఆ దారిలోకి వచ్చారు. జీసీసీ కూడా ఇప్పుడు ఆ వేరియబుల్‌ని గౌరవిస్తుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ప్యాచ్ తీసుకుంటే దానిలోని తప్పు కూడా వస్తుంది. 2006లో డెబియన్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ప్యాకేజ్‌లో ఒక వార్నింగ్ పోగొట్టడానికి తీసిన లైన్ల వల్ల కీలు తయారయ్యేటప్పటి యాదృచ్ఛికత దాదాపు పోయింది, ప్రాసెస్ నంబర్ ఒక్కటే మిగిలింది, అంటే ఒక రకం కీకి 32,768 అవకాశాలే. 2008 మేలో బయటపడే వరకు దాని మీద ఆధారపడ్డ ఉబుంటు కూడా అదే తప్పుని మోసింది. అందుకని అవతలి వాళ్ళు వేశారు కాబట్టి కరెక్టే అనుకోకండి, ఆ ప్యాచ్ ఎందుకుందో మీ నోటితో మీరు చెప్పగలిగితేనే వేయండి. లైసెన్స్ కూడా చూసుకోండి, ఫెడోరా స్పెక్ ఫైళ్ళకి (ప్యాకేజ్ ఎలా చేయాలో రాసే ఫైళ్ళు) వేరేగా రాయకపోతే ఎంఐటీ లైసెన్స్ వర్తిస్తుంది, డెబియన్‌లో అయితే కాపీరైట్ ఫైల్ చదవాలి. రాసినవాళ్ళ పేరు హెడర్‌లో ఉంచండి, "ఆరిజిన్" అన్న చోట ఎక్కడినుంచి తెచ్చారో రాయండి. పేరు తీసేసి వాడుకోవడం నేను చూశా, అలా చేసినచోట తర్వాత పలకరింపు కూడా ఉండదు, అది న్యాయమే.

ఇంకోటి, అప్‌స్ట్రీమ్ పట్టించుకోకపోతే ఎవరికి వాళ్ళం ఒక నిర్ణయం తీసేసుకుంటాం, అక్కడ నిజమైన నష్టం జరుగుతుంది. నా చేతిలో ఉన్న ఒక లైబ్రరీకి అప్‌స్ట్రీమ్ సోనేమ్ పెట్టలేదు, అంటే ఈ లైబ్రరీ ఎన్నో తరం ఇంటర్‌ఫేస్ అని చెప్పే నంబర్. నేను 0 పెట్టా, ఇంకో డిస్ట్రో ఆవిడ 1 పెట్టింది, మూడో ఆయన వెర్షన్ నంబర్ మొత్తం పెట్టేశాడు. మా ఒక్కొక్కరి ఇంట్లో అన్నీ బానే నడుస్తున్నాయి. ఒక కాలేజ్ ల్యాబ్ వాళ్ళు ఒక డిస్ట్రోలో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ని ఇంకో డిస్ట్రో ఉన్న ముప్పై మెషీన్‌లలో వేస్తే ఏ ఒక్కదాంట్లోనూ లేవలేదు, లైబ్రరీ దొరకలేదని ఎర్రర్, లైబ్రరీ మాత్రం ఎదురుగా ఉంది. వాళ్ళు నాకు రాసిన ఉత్తరం చదివి నేను ఆ రాత్రే మిగతా ఇద్దరికీ రాశా. ముగ్గురం విడివిడిగా అడిగినప్పుడు స్పందించని అప్‌స్ట్రీమ్, ముగ్గురం ఒకే ఉత్తరం మీద సంతకం పెట్టి, ఇదిగో ప్యాచ్, మేం ముగ్గురం దీనికే మారతాం అని రాస్తే నాలుగు రోజుల్లో రిలీజ్ చేశారు. నంబర్ మూడుకి వెళ్ళాం, ఎవరి పాత నంబర్‌కీ తగలకుండా.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తా. ఆ ప్యాచ్‌ని ముందు మీ చేత్తో వేసి టెస్ట్ చేయండి, తీసేసి మళ్ళీ ఫెయిల్ అవుతోందా చూడండి. అప్‌స్ట్రీమ్‌లో ఆ ఇష్యూ ఉందా వెతకండి. ఆర్చ్, జెంటూ, నిక్స్ వాళ్ళ దగ్గర అదే సమస్యకి వేరే ప్యాచ్ ఉందేమో కూడా ఒక చూపు చూడండి, ఒక్కోసారి మూడో వాళ్ళదే మంచిది అవుతుంది. తర్వాత ఫెడోరా మెయింటెయినర్‌కి నాలుగు లైన్లు చాలు, ఇలా డెబియన్‌కి చేస్తున్నా, మీ ప్యాచ్ నాకు పనికొచ్చింది, ఇది అప్‌స్ట్రీమ్‌కి పంపారా, లేకపోతే నేను పంపనా, మీ పేరు ఎలా పెట్టమంటారు అని. ఏ డిస్ట్రో మంచిదన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా రానివ్వకండి. జవాబు రెండు వారాలు రాకపోయినా బాధపడకండి, చాలామంది ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు, ఆదివారాలు ఈ పని చేస్తారు, మీరే పంపేసి వాళ్ళకి లింక్ ఇవ్వండి.

ఫెయిల్ అయిన టెస్ట్ పేరు, దాని కింద వచ్చిన చివరి నలభై లైన్ల లాగ్ ఇక్కడ పెట్టగలిగితే నేనూ చూస్తా. బిల్డ్ చేసిన మెషీన్ టైమ్‌జోన్ కూడా రాయండి.